పాలమూరు సరమ

నల్లగొండకు చుట్టాలెవరైనా వస్తే వాళ్లను పానగల్లు తీసుకొనిపోయి ఛాయాసోమేశ్వరాలయం చూపించడం మా ఇంటి ఆచారం. కందూరు చోడులు పానగల్లులో ఉండి ఈ ప్రాంతాన్ని ఏలిన రోజులనాటి గుడి అది. ఒకే మంటపానికి మూడు గర్భగుడులు. అందులో ఒకదానిలో శివలింగం వెనక గోడమీద స్తంభం నీడ ఒకటి పడుతుంది. పొద్దున వెళ్లినా, మిట్టమధ్యాహ్నం వెళ్లినా, పొద్దువాలేవేళ వెళ్లినా ఆ నీడ అక్కడే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. స్తంభాల సందులలోనుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుతురే దీనికి కారణమని తెలిసినవాళ్లు చెబుతారు. కారణం తెలిసినా చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది.

అసలు నేను ఆ గుడిని గురించే వ్యాసం వ్రాద్దామని కాగితాలు ముందు వేసుకున్నాను. నీడను మరొక్కసారి చూసి వచ్చి మొదలుపెడదామని తెల్లవారుజామున బయలుదేరాను కూడా. కాని దారిలో ఒక చిన్న వంతెన దగ్గర నా తోడు ఆగిపోయింది. ఆ తోడు నాలుగు కాళ్లది. అది ఎందుకు ఆగిందో, నేనెందుకు దాని మాట విన్నానో చెప్పాలంటే ముందు మనం పాలమూరు పోవాలి.

పాలమూరు అంటే మహబూబ్‌నగరమే. 2024 ఏప్రిల్‌లో ఉగాది పండుగకు మా అక్కగారి ఊరు వెళ్లాను. హైదరాబాదునుంచి కర్నూలు వెళ్లే రహదారి దిగి, అడ్డాకుల దాటి కొంత లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె అది. ఆ దారి చూడని వాళ్లకు దాని అందం చెప్పడం కష్టం. ఎర్రనేల. నేలనిండా బండలు. ఒక బండమీద ఇంకొక బండను ఎవరో పనిలేనివాడు సాయంత్రంపూట పేర్చి పోయినట్లుంటుంది. వాటి సందుల్లో సీతాఫలం పొదలు, అక్కడక్కడ తాటిచెట్లు. వానను నమ్ముకొన్న సేద్యం. అందుకే ఊళ్లో ప్రతి వీధిలోనూ రెండు మూడిళ్లకు తాళాలు కనబడతాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ చెయ్యి పడిందని పేరు. బతుకుతెరువుకు బొంబాయి, పూనా పోయినవాళ్లు సామాను మోసుకొని పోగలరు, పిల్లలను ఎత్తుకొని పోగలరు. కుక్కను ఎక్కడికని తీసుకొనిపోతారు? తాళం వేసిన ఇంటిముందు కుక్క కూర్చొని ఉండడం ఆ ఊళ్లలో కొత్త కాదు.

పచ్చడి తిన్న మధ్యాహ్నం అక్క నన్ను పెరటిలోకి పిలిచింది.

“తమ్మీ, గొడ్ల కొట్టంల గాడి ఎనక ఒక కుక్క ఉన్నది సూడు. నెల దాటింది వచ్చి. మొరగదు, కరువదు. బువ్వ పెడితే మనిషి ఉన్నంతసేపు ముట్టది. గోడదిక్కు మొఖం పెట్టి కూసుంటది” అన్నది.

వెళ్లి చూశాను. సన్నని గోధుమవన్నె కుక్క. ఒక చెవి కొస తెల్లగా ఉన్నది. నన్ను చూసి పారిపోలేదు. దగ్గరకు పోతే వణికింది. ఇంకా దగ్గరకు పోతే వణకడం కూడా మానేసింది. కళ్లు తెరుచుకొనే ఉన్నవి కాని చూపు నామీద లేదు, గోడమీదా లేదు. తల నిమిరితే నిమిరించుకున్నది.

“పాపం, ఎంత సాధువు!” అన్నాను అక్కతో. జీవితంలో నేనన్న తెలివితక్కువ మాటలలో దానికి మొదటి వరుసలో చోటు ఇవ్వవచ్చు.

“పొన్నకల్ దిక్కునుంచి వచ్చిందంటరు. ఎవలకెరుక?” అన్నాడు బావ.

పొన్నకల్ సంగతి పాఠకులలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. అడ్డాకుల మండలంలోని ఆ ఊరికి 2024 ఫిబ్రవరి 16న అర్ధరాత్రి దాటినాక ముసుగులు వేసుకున్న మనుషులు కారులో వచ్చి వీధుల్లో ఉన్న కుక్కలను తుపాకితో కాల్చారు. ఇరవై కుక్కలు చచ్చిపోయినవి. మరికొన్ని గాయపడ్డవి. మరుసటి నెలలో పోలీసులు ముగ్గురిని పట్టుకొన్నారు. వాళ్లలో ఒకరి పెంపుడు కుక్కను ఊరకుక్కలు కరిచి చంపినందుకు పగతీర్చుకోవడానికే ఈ పని చేశారని పోలీసులు చెప్పారు. ఒక కుక్కమీది ప్రేమ ఇరవై కుక్కలమీద పడింది.

మా అక్క కొట్టంలోని కుక్క ఆ రాత్రి ఆ ఊళ్లో ఉన్నదో, తాళంపడిన ఏ ఇంటిముందునుంచి వచ్చిందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అదీ చెప్పదు. ఊళ్లో బయట తాళం వేసిన ఇళ్లు చాలా చూశాను. ఇది లోపల గడియ పెట్టుకొన్న ఇల్లు.

బావకు దానిమీద కోపం లేదు. కాని బర్రె ఈనడానికి సిద్ధంగా ఉన్నది. ఈనిన బర్రె, కొత్త దూడ ఉన్నచోట ఊరూపేరూ లేని కుక్కను ఉంచుతారా? “ఇంకో వారం సూసి ఎక్కడన్న ఇడిచిపెట్టొస్త” అన్నాడు. నాకు ఏం తోచిందో ఏమో, “నేను తీసుకొనిపోతాను” అన్నాను. మా ఆవిడ అక్కడ లేదు కనుక ఆ మాట అనగలిగాను.

మర్నాడు కారు మాట్లాడుకొని దాన్ని గోనెపట్టామీద పడుకోబెట్టి ముందుగా పాలమూరులో పశువుల డాక్టరుకు చూపించాను. ఆయన పిడుదులు తీయించి, టీకా వేసి, ఒళ్లంతా తడిమి చూశారు.

“దెబ్బలేమీ లేవు సార్. కాని మీరనుకున్నట్టు ఇది సాధువు కాదు. పెనుగులాడే కుక్కకు ఇంకా ఆశ ఉన్నట్టు. ఇది పెనుగులాట కూడా మానేసింది. మీరు ముట్టుకుంటే ఊరుకున్నదంటే ఇష్టమై కాదు. వద్దన్నా లాభం లేదనుకొని.”

“మరి నేనేం చెయ్యాలి డాక్టరుగారూ?”

“ఏమీ చెయ్యకండి. అన్నిటికంటె కష్టమైన పని అదే” అని నవ్వారు. వచ్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త చెప్పారు. ఇటువంటి కుక్క ఒక్కసారి తప్పించుకొంటే మళ్లీ చేతికి చిక్కదట. మెడపట్టీకి ఒక తాడు, ఛాతీపట్టీకి ఇంకొక తాడు, రెండూ ఉండాలన్నారు.

ఊరు దాటేముందు పిల్లలమర్రికి పోయే దారి కనబడింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ ఊడలు పట్టుకొని ఊగినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఏడువందల ఏళ్ల చెట్టని చెబుతారు. ఏది మొదలో ఏది ఊడో తెలియకుండా మూడెకరాలకు పైగా అల్లుకొన్నది. 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ ఒకటి విరిగిపడింది. చూడబోతే లోపలంతా చెదలు. వెంటనే జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. 2018లో, ఆస్పత్రిలో రోగికి సెలైను ఎక్కించినట్లు, చెట్టుకు సీసాలు వేలాడదీసి చెదలమందు బొట్టుబొట్టుగా ఎక్కించారు. వాలిన కొమ్మలకు కింద దిమ్మెలు కట్టారు.

“అందరు ప్రేమతోనే ఊగిండ్రు సార్” అన్నాడు డ్రైవరు. “చెట్టుకు మాత్రం మనుషులు దూరముంటేనే మంచిగైంది.”

అతడు చెట్టుమాట అన్నాడు. వెనకసీటులో ఉన్నదాన్ని గురించే అన్నాడని నాకు అప్పుడు తోచలేదు.

జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండ వచ్చాము. దేవరకొండ దిక్కున గుట్టలు కనబడుతుంటే, ఏడు కొండలను కలిపి పద్మనాయకులు కట్టిన కోటను గురించి డ్రైవరుకు ఉపన్యాసం ఇచ్చాను. అంతదూరంలో కుక్క ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

దానికి పేరు పెట్టే బాధ్యత తెలుగు మాష్టారినైన నేనే తీసుకొన్నాను. నన్నయ భారతం ఆదిపర్వంలో సరమ అనే దేవశునకం కథ ఉన్నది. దాని బిడ్డ ఆడుకొంటూ జనమేజయుడు యాగం చేసేచోటికి పోతే రాజు తమ్ములు ఏ తప్పూ లేకుండా దాన్ని కొట్టారు. సరమ వచ్చి రాజును నిలదీసింది. ముందువెనకలు చూడకుండా నిరపరాధులకు కీడు చేసినవారికి, కారణం కనబడకుండానే భయాలు వచ్చిపడతాయని చెప్పి పోయింది. ఇరవై ఏళ్లనుంచి తరగతిలో ఆ కథ చెబుతున్నాను. ఇప్పుడు చూస్తే కొట్టినవాళ్లకు రావలసిన ఆ భయం దెబ్బతిన్న జాతికే వచ్చినట్లున్నది. కనుక ‘సరమ’ అన్నాను. మా అమ్మ నోట అది ‘సారమ్మ’ అయింది. “మీ ఇంటికి సారమ్మగారెవరో వచ్చారట, బాగున్నారా?” అని పక్కింటావిడ అడిగేదాకా వచ్చింది.

మెట్లకింద పాత ట్రంకుపెట్టె చాటున దానికి చోటు ఇచ్చాము. మొదటి మూడురోజులు నేను డాక్టరు చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకంగా నడిచాను. గంటకొకసారి వంగి పలకరించాను. బిస్కత్తు నోటిదగ్గర పెట్టాను. తోటి అధ్యాపకులను పిలిచి చూపించాను. నాలుగోరోజు, స్నానం చేయిస్తే హాయిగా ఉంటుందని, చెయ్యి లోపలికి పెట్టి బయటికి లాగబోయాను. సాధువనుకొన్న సరమ నా ముంజేయి కరిచింది.

తప్పు దానిది కాదు. ముందు మూతి నాకిందట, ఆవులించిందట, తల పక్కకు తిప్పిందట, కంటి తెలుపు కనబడేటట్లు ఓరగా చూసిందట. అన్నీ మా అమ్మాయి చూసింది. “వద్దు వద్దని నాలుగుసార్లు చెప్పింది నాన్నా” అన్నది. చేతిని కొళాయికింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి పరుగెత్తాను. కుక్కకు టీకా వేయించినా సరే, నా సూదులన్నీ పూర్తిగా వేయించుకొన్నాను. ఈ విషయంలో మాత్రం ఎవరూ ధైర్యం చూపకూడదు.

ఆ సాయంత్రం మా ఆవిడ ఒకే మాట అన్నది: “ఈ కుక్క మన ఇంట్లో ఉండడానికి వీల్లేదు.” ఆమె మాటలో న్యాయం ఉన్నది. ఆడపిల్ల తిరిగే ఇల్లు. నేను కట్టు కట్టిన చేతితో కూర్చొని ఏమీ అనలేకపోయాను.

అప్పుడు మా అమ్మ అందుకొన్నది. “దానిది ఏం తప్పున్నదే? నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు గిట్లనే ఉంటి. కొత్తకోడలు కొత్తకోడలని వాడకట్టంత వచ్చి గదుమ పట్టుకొని సూసేది. నేను వడ్లగుమ్మి ఎనక దాసుకునేదాన్ని. మీ తాత ఒక్కడే నన్ను పిలవకపోయేది. పొద్దుమూకంగ వచ్చి గుమ్మికాడ బెల్లంముక్క పెట్టి, నా దిక్కు సూడకుంట పోయేది. నెలకో రెండు నెలలకో నేనే పోయి ఆయనకు మంచినీళ్లిచ్చిన.”

నలభై ఏళ్లు దాటిన నాకు ఆ సంగతి అంతవరకు తెలియదు. మా ఆవిడ కూడా చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “రెండు నెలలు చూద్దాం” అన్నది.

ఆ రోజునుంచి కుక్క బాధ్యత అమ్మ తీసుకొన్నది. పొద్దున ఏడుగంటలకు, సాయంత్రం ఏడుగంటలకు అదే పళ్లెం, అదే చోటు. జొన్నరొట్టె తుంచి, ఇంత గుడ్డో మాంసమో కలిపి పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసేది. మెట్లకింద చోటు దానిది. అక్కడికి చీపురు కూడా పోకూడదు. రాత్రి పెరటితలుపు తీసి ఉంచేవాళ్లం; ప్రహరీ ఎత్తుగా ఉన్నది కనుక భయం లేదు. అందరం పడుకొన్నాక అది బయటికి పోయి వచ్చేది.

నాకు అమ్మ ఇచ్చిన పని ఒకటే: దానికి దూరంగా, పక్కకు తిరిగి, కింద కూర్చొని నా పని నేను చేసుకోవడం. పరీక్ష కాగితాలు దిద్దేవాణ్ణి. మధ్యమధ్య మెల్లగా పద్యం చదువుకొనేవాణ్ణి. అంత శ్రద్ధగా విన్న శ్రోత నాకు కళాశాలలో కూడా దొరకలేదు. లేచిపోయే ధైర్యం లేని శ్రోత అని మా అమ్మాయి వేళాకోళం చేసేది.

మే నెల చివర ఒకరోజు మా ఆవిడ వాకిలి చల్లి ముగ్గువేసి లోపలికి వచ్చింది. మళ్లీ వెళ్లి చూస్తే ముగ్గుమీద చిన్న చిన్న పాదాలు, ఈ చివరనుంచి ఆ చివరకు. చీకటి వదలకముందే, మేము మేలుకొని ఉండగా, అది బయటికి వచ్చి తిరిగిందన్నమాట. ముగ్గు తొక్కితే ఊరుకునే మనిషి కాదు మా ఆవిడ. ఆ రోజు మాత్రం దాన్ని చెరపలేదు. రెండు నెలల గడువు మాట మళ్లీ ఎత్తనూ లేదు.

మా కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకడు ఇదంతా విని, ఈ స్థితికి చాలా పేరున్నదని చెప్పాడు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెలిగ్మన్, మేయర్ అనే ఇద్దరు 1967లో కుక్కలమీద ప్రయోగం చేశారు. కొన్ని కుక్కలకు విద్యుత్తు తాకిడి ఇచ్చి, తలతో పలకను నొక్కితే అది ఆగిపోయేటట్లు ఏర్పాటు చేశారు. మరికొన్నిటికి అంతే తాకిడి ఇచ్చారు గాని, అవి ఏం చేసినా ఆగదు. తరువాత రెండు రకాలనూ, చిన్న అడ్డు దూకితే తప్పించుకోగల పెట్టెలో వదిలారు. మొదటివి దూకినవి. రెండో రకంలో చాలావరకు దూకకుండా పడుకొని భరించినవి. నిస్సహాయతను అవి నేర్చుకొన్నవని అప్పుడు తేల్చారు. చదువుతుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది.

కాని కథ అక్కడ ఆగలేదు. దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, ఆ ఇద్దరే తమ మాటను తామే సవరించుకొన్నారు. ఎడతెగని బాధ వచ్చినప్పుడు ప్రాణి చేతులుడిగి పడుకోవడం నేర్చుకొన్న విద్య కాదు, పుట్టుకతో ఉన్నదే. నేర్చుకోవలసినది వేరొకటి: ‘నేను చేసే పనికి ఫలితం ఉంటుంది’ అన్న సంగతి. మెదడును గురించి తరువాత తెలిసిన విషయాలనుబట్టి వాళ్లు ఈ మాట అన్నారు.

ఇది విన్నాక నాకు మా తాత బెల్లంముక్క అర్థమైంది. ఆయన బెల్లం పెట్టినందుకు కాదు అమ్మ గుమ్మి వెనకనుంచి వచ్చినది. ‘దగ్గరకు రావద్దు’ అని ఆమె నోరు తెరవకుండానే చెప్పిన మాటను ఆ ఇంట్లో ఆయన ఒక్కడే విన్నాడు. ఆ ఒక్కచోట ఆమె మాట నెగ్గింది.

వానలు పడ్డాక నేనూ అట్లాగే చేసి చూశాను. కాగితాలు దిద్దుతూ ఒక జానెడు దగ్గరకు జరిగాను. సరమ తల అటు తిప్పింది. వెంటనే లేచి రెండు గజాలు వెనక్కి పోయి కూర్చొన్నాను. అది నన్ను చూసింది. కొట్టం చూపు కాదు, నిజంగా చూసింది. మర్నాడు మళ్లీ జరిగాను, మళ్లీ తల తిప్పింది, మళ్లీ వెనక్కి పోయాను. ఇట్లా ఎన్ని రోజులో. ఎమ్మే పట్టా ఉన్న మనిషిని తలతిప్పి వెనక్కి నడిపించవచ్చునని ఒక ఊరకుక్క నేర్చుకొన్నది. ఆగస్టులో ఒక సాయంత్రం అది తల తిప్పలేదు. ట్రంకుపెట్టె దాటి వచ్చి నా మోకాలు వాసన చూసి పోయింది. నేను కదలలేదు. ఆ పూట ఒక విద్యార్థికి పది మార్కులు ఎక్కువ వేసి ఉంటాను.

తరువాత ముట్టుకోవడం కూడా అడిగే ముట్టుకొన్నాము. గడ్డం కింద మూడు లెక్కపెట్టేంతసేపు గోకి చెయ్యి తీసేయడం. మళ్లీ కావాలంటే అదే మూతితో చేతిని తోస్తుంది. తోయకపోతే సరి.

ఇంతవరకు చదివి, ప్రేమకథ సుఖాంతమైందని అనుకోకండి. సెప్టెంబరులో పక్కింటి అయిదేళ్ల పిల్లవాడు బంతికోసం గబగబా మెట్లకిందికి దూరబోయాడు. సరమ గుర్రుమన్నది. అన్ని నెలలలో మేము విన్న మొదటి గొంతు అది. నాలో సగం సంతోషించింది, సగం చల్లబడిపోయింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పసివాణ్ణి పొట్టనపెట్టుకొన్న సంగతి మరచిపోయిన తల్లి మా వీధిలో లేదు. ఆ భయాన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు కుక్కను పెంచేవాళ్లకు లేదు. కాని గుర్రుమన్నందుకు కుక్కను కొడితే అది గుర్రుమనడం మానుతుంది, కరవడం మానదు. గంట తీసేసిన సైకిలు ఆగిపోదుగదా! కనుక సరమను ఏమీ అనలేదు. వడ్రంగిని పిలిపించి మెట్లకు నడుమెత్తు తలుపు పెట్టించి గడియ వేయించాను. పిల్లలు వచ్చినప్పుడు అది లోపల, వాళ్లు బయట. పక్కింటివారికి చేతులు జోడించి విషయం చెప్పాను. తలుపు పూర్తయ్యేవరకు వాళ్లు పిల్లవాణ్ణి మా ఇంటికి పంపలేదు. అది వాళ్ల మాట. అదీ నెగ్గవలసిందే.

అక్టోబరు 31న దీపావళి వచ్చింది. మొదటి టపాకాయ మోగగానే సరమ గోడకు ముఖం పెట్టుకొన్నది. మూడురోజులు తిండి ముట్టలేదు. ఏడునెలల శ్రమ ఒక్కరాత్రిలో పోయిందని నేను తల పట్టుకొని కూర్చొన్నాను. రష్యాలో పావ్‌లోవ్ కుక్కల సంగతి మా మిత్రుడు చెప్పాడు. 1924లో లెనిన్‌గ్రాడులో వరద వచ్చి ఆయన ప్రయోగశాలలోని కుక్కలు బోనుల్లోనే మునిగిపోయే స్థితికి వచ్చినవి. చివరిక్షణంలో వాటిని కాపాడారు. తరువాత కొన్ని కుక్కలు అంతవరకు నేర్చినవన్నీ మరచిపోయినవి. కొంతకాలానికి తేరుకొన్నవి. అట్లా తేరుకొన్న ఒక కుక్క గదిలోకి తలుపుకింద సన్నని నీటిధార వదిలితే మళ్లీ మొదటికి వచ్చిందట. భయం పోదు, మరుగున పడుతుంది. “ఒకసారి వచ్చిన దారి గనక ఈసారి తొందరగా వస్తది” అన్నాడు మిత్రుడు. ఆయన అన్నట్లే పన్నెండు రోజులలో పళ్లెం దగ్గరకు వచ్చింది. 2025 దీపావళికి కిటికీలకు దుప్పట్లు కట్టి, రేడియో పెట్టి, అమ్మ దానికి దగ్గరలో కూర్చొన్నది. మర్నాడు మధ్యాహ్నానికి రొట్టె తిన్నది.

బయటి ప్రపంచం చూపించిన ఘనత మాత్రం నాది కాదు. మా వీధికి పాలుపోసే అతని వెంట ఒక ముసలికుక్క వస్తుంది. ఎవరినీ పట్టించుకోదు, ఎవరికీ భయపడదు. దాని వెనక నడవడానికే సరమ మొదటిసారి గేటు దాటింది. రెండు తాళ్లు చేతికి చుట్టుకొని నేను దాని వెనక. మొదట వీధి చివరకు. నెలకు పానగల్లు దారికి. ఆ పైన ఉదయసముద్రం కట్టమీదికి. చోడులనాటి చెరువు, తెల్లవారుతుంటే పేరుకు తగ్గట్టుగానే ఉంటుంది. నీళ్లమీద కొంగలు లేస్తుంటే సరమ చెవులు నిక్కించి చూసేది. అక్కడ మొదటిసారి అది నాకంటె ముందు నడిచింది.

ఇక మొన్నటి వంతెన సంగతి. కట్ట దిగి గుడిదిక్కు పోతుంటే, చిన్న వంతెన దగ్గర ఒక కారు ఆగి ఉన్నది. ఇద్దరు మనుషులు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకొని దానిపక్కన నిలబడి ఉన్నారు. చలికి చుట్టుకొన్నారు, మరేమీ లేదు. మాకు దారి కూడా ఇచ్చారు. కాని సరమ ఆగింది. వణకలేదు. గోడకు ముఖం పెట్టలేదు. నన్ను చూసింది, కారును చూసింది, తల ఇంటిదిక్కు తిప్పింది.

అది ఏం జ్ఞాపకం చేసుకొన్నదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. తాడు కొంచెం లాగితే బహుశా వచ్చేదే. గుడి అక్కడికి ఎంతో దూరం లేదు, పొద్దు పొడుస్తున్నది, నా వ్యాసానికి నీడ కావాలి.

భారతం చివర ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రథమెక్కనన్నాడు. నేను వదులుకొన్నది అంత పెద్దదేమీ కాదు. సోమేశ్వరుని నీడ పొద్దుపోయినా కదలదు గదా, రేపు చూడవచ్చును. ఇద్దరం వెనక్కి తిరిగాము. సరమ ముందు, నేను వెనక. ఇల్లు చేరేసరికి అమ్మ పళ్లెంలో రొట్టె తుంచిపెట్టి, అటు చూడకుండా లోపలికి పోతున్నది.